ఆటలో అరటిపండు ఎవరు?

వేసవి సెలవుల్లో ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యమే. పదిమంది పిల్లలు పోగవుతారు. జట్లు పంచుకోవాలి. బలంలో, వయసులో సరిసమానమైన ఇద్దరిద్దరు ఉజ్జీలుగా పక్కకెళ్లి, భుజాల మీద చేతులేసుకుని, చెవుల్లో ఏదో గుసగుసలాడుకుని తిరిగొస్తారు. ‘మామిడిపండు కావాలా... జామపండు కావాలా?’ అని నాయకుణ్ని అడుగుతారు. అతను ఏ పండు కోరుకుంటే ఆ పిల్లాడు ఇటు, రెండోవాడు అటు. ఎవరికీ అన్యాయం జరగదు. మరీ చిన్నవాడు ‘నేనూ ఆడతా’ అని ఏడిస్తే వాణ్ని ‘ఆటలో అరటిపండు’ను చేస్తారు. వాడు అవుటైనా అవుట్ కాదు, పరుగెత్తినా లెక్క లేదు. కానీ ఆటలో ఉన్నానన్న సంతోషం మాత్రం వాడిదే!

సర్టిఫికెట్లు లేవు. కమిటీలు లేవు. ఎక్స్‌రేలు అసలే లేవు. అయినా న్యాయం దానంతటదే జరిగిపోతుంది. తేడా వస్తే ‘తొండి... తొండి’ అని ఒక్క అరుపు అరిస్తే చాలు, ఆట ఆగిపోతుంది.

మరి అదే పిల్లలు బడి జట్టులో చేరి, చొక్కా వెనక నంబరు వేసుకుని, మండలస్థాయి పోటీలకు బయల్దేరేసరికి ఏమవుతోంది? తొండి చేసేవాళ్లు పెద్దలైపోతున్నారు. అరటిపండ్లుగా మిగిలేది నిజాయతీగా ఆడే పిల్లలు!

ఆవు చిన్నది... వయసు కాదు

పుంగనూరు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పొట్టి ఆవు. ఎత్తు రెండున్నర, మూడడుగులు మించదు. కొత్తగా చూసినవాళ్లు ‘దూడ భలే ముద్దుగా ఉందే’ అంటారు. పెంచేవాళ్లు నవ్వి, దాని ఈతల లెక్క చెబుతారు. ఎత్తును చూసి వయసు చెప్పకూడదని పుంగనూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పిల్లల విషయంలోనూ అంతే. పదమూడేళ్లకే మీసకట్టు వచ్చేవాళ్లుంటారు. పదహారేళ్లొచ్చినా పీలగా కనిపించేవాళ్లూ ఉంటారు. అందుకే పాఠశాల క్రీడల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు గీతలు గీశారు. మండలంలో గెలిచి, జిల్లా దాటి, రాష్ట్ర జట్టులో చోటు సంపాదిస్తే జాతీయ పోటీలకు వెళ్లొచ్చు. దేశమంతటా ఈ పోటీల్ని చూసే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో పుట్టింది.

గీత ఉన్నచోట దాన్ని చెరిపేవాళ్లూ ఉంటారు కదా! ఇక్కడ పని సులువు కావడానికి మన ఇళ్లలోనే ఓ కారణం ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల సర్టిఫికెట్లు ఓసారి తీసి చూడండి. జూన్, జులై నెలల్లో పుట్టినవాళ్లు ఎంతమంది తేలతారో! నిజంగా అందరూ ఎండాకాలం వెళ్లాకే పుట్టారా? కాదు. బడిలో చేర్చుకునే రోజున పంతులుగారు ‘ఎన్నేళ్లు?’ అని అడిగితే, ‘పెద్దవానలు పడిన ఏడు పుట్టినాడు సార్’ అని నాయన చెప్పేవాడు. జూన్‌కి అయిదేళ్లు నిండేలా ఓ తేదీ వేసేసేవారు. పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కిన ఆ తేదీయే ఉద్యోగంలో, పింఛనులో కూడా నిలిచిపోయేది. అది అమాయకత్వం. ఎవరి నోటిదగ్గర కూడూ లాక్కోలేదు.

ఇప్పుడు జరిగేది వేరు. పతకం కోసం లెక్కలేసి మరీ రెండేళ్లు, మూడేళ్లు తగ్గిస్తున్నారు. ‘ఆ పిలగాడికి గడ్డమొచ్చింది సార్, అండర్-14 ఎట్లయితాడు?’ అని ఎదుటి జట్టు అడిగితే, ‘కాగితం చూడప్పా’ అన్నది జవాబు. కాగితం మాత్రం పద్ధతిగానే ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడి సంతకం, గుండ్రటి ముద్ర, ఫొటో అన్నీ ఉంటాయి. లేనిది నిజమొక్కటే.

తిరుపతిలో ఏం జరిగింది?

ఇదంతా ఓడినవాళ్ల ఏడుపు అనుకుంటే పొరపాటు. 2019 నవంబరులో తిరుపతిలో జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. దేశం నలుమూలల నుంచీ వేలమంది పిల్లలు వచ్చారు. వయసు పరీక్షలు చేస్తే యాభైమందికి పైగా ఎక్కువ వయసువాళ్లని తేలింది. అంతకంటే విచిత్రం... పరీక్ష ఉందని తెలియగానే నూటయాభైమందికి పైగా దానికి మొహం చాటేశారు! కొండకింద, ఏడుకొండలవాడి సాక్షిగా జరిగిన సంగతిది.

ఈ పరీక్షలో ఎడమచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు. ఎదిగే వయసులో ఎముకల కొసల దగ్గర మృదులాస్థి ఉంటుంది. ఎక్స్‌రేలో అది ఖాళీలా కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ ఆ ఖాళీలు పూడిపోతాయి. ఆ దశలను పోల్చి వయసు అంచనా కడతారు. టీడబ్ల్యూ-3 అనే ఈ విధానాన్ని మన క్రికెట్ బోర్డు వాడుతోంది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎమ్మారై తీయిస్తోంది.

అయితే ఎముక కూడా అచ్చంగా నిజమే చెబుతుందనుకోలేం. అది చెప్పేది అంచనా, పుట్టినతేదీ కాదు. సరైన తిండి లేని పిల్లల్లో ఎదుగుదల ఆలస్యమవుతుంది. కొందరిలో తొందరగా వస్తుంది. నిజంగా పద్నాలుగేళ్లవాడే పరీక్షలో తప్పే ప్రమాదమూ ఉంది. కాబట్టి యంత్రం ఒక్కటే చాలదు, మనుషుల నిజాయతీ కూడా కావాలి.

ఊరు మారితే తప్పా?

ఇక రెండో గొడవ ‘వీడు మా ఊరివాడేనా?’ అన్నది. కుప్పం వెళితే ఈ ప్రశ్న ఎంత చిక్కుదో తెలుస్తుంది. ఓ పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. ద్రవిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ పెట్టిందీ అందుకే. పొలం ఓ రాష్ట్రంలో, మేనమామ ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఎన్నో. అలాంటిచోట పిల్లాడు సరిహద్దు దాటొచ్చి చదువుకుంటే తప్పేముంది? రోజూ బడికొచ్చి, హాజరు వేయించుకుని, పరీక్షలు రాసేవాడు ఆ బడి పిల్లాడే.

ఆమాటకొస్తే పిల్లలు కదలకపోయినా గీతలే కదులుతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చాలాకాలం ఒకే చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. దీన్ని తొండి అన్నవాళ్లు లేరు. ఎందుకంటే అందరికీ తెలిసేలా గెజిట్‌లో వేసి మరీ చేశారు.

తేడా అక్కడే ఉంది. ఊరు మారడం తప్పు కాదు, దాచడం తప్పు. పోటీలకు వారం ముందు ఎక్కడినుంచో ఓ ఆటగాణ్ని తెచ్చి, స్టడీ సర్టిఫికెట్ పుట్టించి, ఇంకొకరి పేరుతో బరిలో దింపడం తప్పు. ఆ పిల్లాడికి తరగతి గది ఎటువైపుందో కూడా తెలియదు. వెనక నుంచి కొత్తపేరుతో పిలిస్తే తిరిగి చూడడు!

టమాటాలు కాదు, పిల్లలు

మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. తెల్లారేసరికి కాయల్ని సైజుల వారీగా వేరుచేస్తారు. మంచివి ముందు అమ్ముడవుతాయి. ధర పడిపోయిన రోజున మిగిలినవి రోడ్డుపక్కన పారబోసిన సందర్భాలూ ఉన్నాయి.

ఆటగాళ్ల వేట కూడా కొన్నిచోట్ల ఇలాగే సాగుతోంది. జిల్లాపరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే ఓ పిల్లాడు కబడ్డీలో మెరుపులా దూసుకుపోతున్నాడనుకుందాం. ఏ పీఈటీ సారో సాయంత్రాలు చీకటిపడేదాకా ఉండి నేర్పించి ఉంటాడు. మ్యాచ్ అవగానే ఓ ప్రైవేటు స్కూలువాళ్లు వాళ్ల నాయనను కలుస్తారు. ‘ఫీజు వద్దు, హాస్టల్ ఉచితం, బూట్లూ మేమే కొనిస్తాం’ అంటారు. కూలి చేసుకునే ఆ తండ్రికి అది వరమే! పిల్లాడు వెళ్లిపోతాడు. మరుసటేడు పేపర్లో ఫొటో కొత్త బడి పేరుతో వస్తుంది. నేర్పిన సారు పేరు ఎక్కడా ఉండదు.

ఇది అన్యాయమా? వెంటనే అవుననలేం. ప్రతిభను వెతికి పట్టుకోవడం మంచిపనే. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం అలా వెతికే గొప్ప ఫుట్‌బాల్ శిక్షకుడయ్యారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను గుర్తించింది ఆయనే. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం సాధించిన జట్టులో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడాడు. రెంటికీ రహీమే శిక్షకుడు. ఇప్పటి క్రీడా పాఠశాలలూ పరుగు, దూకుడు, బంతి విసురు లాంటి పరీక్షలు పెట్టి పిల్లల్ని ఎంపిక చేసుకుంటున్నాయి. అందరి కళ్లముందూ జరిగే ఎంపికది.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తీసుకెళ్లినవాళ్లు ఆ పిల్లాణ్ని ఎన్నాళ్లు చూసుకుంటారు? మోకాలికి దెబ్బతగిలి ఆట ఆగిపోతే హాస్టల్లో మంచం ఉంటుందా? లెక్కల్లో వెనకబడితే ఎవరైనా కూర్చోబెట్టి చెబుతారా? సమాధానం ‘అవును’ అయితే అది అవకాశం. కాకపోతే టమాటా బేరమే!

అమెరికాలోనూ ఇదే గోల

హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే అమెరికాలో పిచ్చి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అయితే శుక్రవారం రాత్రి ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. అక్కడా మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయే స్కూళ్లున్నాయి. అందుకే కేవలం ఆట కోసం బడి మారినట్టు తేలితే ఏడాదిపాటు ప్రధాన జట్టులో ఆడకూడదని టెక్సాస్‌లో నియమం పెట్టారు. బడి మారిన ఆటగాడి గురించి పాతబడి కూడా కాగితం మీద తన మాట చెప్పాలి.

నియమాలున్నా మాయలు ఆగవు. 2021 ఆగస్టులో బిషప్ సైకమోర్ అనే జట్టు టీవీలో ప్రత్యక్ష ప్రసారమైన మ్యాచ్‌లో 58-0తో చిత్తుగా ఓడింది. తీరా ఆరాతీస్తే అసలు ఆ పేరుతో చెప్పుకోదగ్గ బడే లేదని బయటపడింది! అంతకుముందు 2001లో డానీ అల్మోంటే అనే బేస్‌బాల్ బాలుడు పన్నెండేళ్లవాడినని చెప్పి దేశాన్ని అబ్బురపరిచాడు. నిజానికి అతనికి పద్నాలుగేళ్లు. జట్టు గెలుపులన్నీ రద్దుచేశారు. జీవితకాల నిషేధం మాత్రం పిల్లాడికి కాదు, తండ్రికీ జట్టు పెద్దకీ వేశారు. శిక్ష పడాల్సినచోటే పడింది.

పోయేది పతకమేనా?

‘పిల్లల ఆటే కదా, పోనిద్దురూ’ అనేవాళ్లుంటారు. కానీ ఆ కప్పు వెనక ఓ సర్టిఫికెట్ ఉంటుంది. ఆ సర్టిఫికెట్ వెనక కాలేజీ సీటు, కొలువు ఉంటాయి. ఉద్యోగాల్లో క్రీడాకోటాను 2 నుంచి 3 శాతానికి పెంచుతున్నట్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నాటి క్రీడావిధానంలో ప్రకటించింది. పందెం పెరిగేకొద్దీ ఆశా పెరుగుతుంది.

శరీరాల సంగతీ ఉంది. పదిహేడేళ్లవాడు పదమూడేళ్లవాణ్ని కబడ్డీలో కుమ్మేస్తే విరిగేది ఎముక. అసలైన వయసు పిల్లాడు రిజర్వు బెంచీమీద కూర్చుని ‘నాకు ఆట రాదేమో’ అనుకుంటే విరిగేది మనసు. తొండితో ఎక్కినవాడికీ సుఖం లేదు. వయసు పట్టీ దాటి పెద్దల విభాగంలోకి వెళ్లగానే ఆ మూడేళ్ల బలం మాయమవుతుంది. 2015లో క్రికెటర్ రాహుల్ ద్రవిడ్ ఓ ప్రసంగంలో ఈ విషయమే ఎత్తారు. తల్లిదండ్రులు, కోచ్ కలిసి తప్పుడు కాగితం పుట్టించడం చూసిన పిల్లాడు నేర్చుకునేది మోసమేనన్నారు.

మందు లేకపోలేదు. క్రికెట్ బోర్డు 2020లో ఓ దారి చూపింది. తప్పు తేదీ ఇచ్చామని తమంతట తామే ఒప్పుకుంటే శిక్ష లేకుండా సరైన వయసు విభాగంలో ఆడనిస్తామంది. దాచి దొరికితే రెండేళ్ల నిషేధం. 2025లో కేంద్ర క్రీడాశాఖ తెచ్చిన ముసాయిదా కూడా మొదటి తప్పుకు రెండేళ్లు, రెండోసారికి జీవితకాల నిషేధం ప్రతిపాదించింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేరడానికి జనన ధ్రువీకరణపత్రమే ఆధారమని చట్టం వచ్చింది. ఈ పిల్లలు మైదానానికి వచ్చేనాటికి ‘పెద్దవానల ఏడు’ లెక్కలు ఉండవు.

అంతదాకా ఆగక్కర్లేకుండా ఊళ్లో చేసుకోగలిగే పనులూ ఉన్నాయి. పోటీలకు నాలుగురోజుల ముందే ప్రతి జట్టు జాబితానూ ఫొటోలు, తరగతులతో సహా నోటీసు బోర్డులో పెట్టొచ్చు. అభ్యంతరం ఏదైనా ఆటకు ముందే చెప్పాలి, ఓడాక కాదు. బయటినుంచి తెచ్చుకున్న పిల్లాడికి బూట్లతోపాటు చదువు పూర్తయ్యేదాకా చూసుకుంటామని కాగితం రాసివ్వాలి. గెలిచినరోజున మొదట నేర్పిన పాతబడి సారును వేదిక మీదికి పిలిస్తే ఖర్చేమీ కాదు.

ఇక ఇంట్లో పని. పిల్లాడు కప్పు పట్టుకుని వస్తే ‘ఎంతమందిని ఓడించావు నాయనా?’ అని అడుగుతాం. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగండి. ‘సమానంగానే ఆడారా?’ అని. వీధిలో ఉజ్జీలు కట్టి ఆడుకున్న పిల్లాడు కదా... జవాబు వాడికి తెలుసు!