ఊరు చూద్దాం రండి: విలియమ్స్‌టౌన్ రైలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం వారికి చూపించే మెల్బోర్న్ దాదాపు అందరిళ్లలోనూ ఒకటే. కారులో గ్రేట్ ఓషన్ రోడ్డు, ఫిలిప్ ఐలండ్‌లో పెంగ్విన్లు, కారమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయం. అన్నీ చూడదగినవే. కానీ మనం ఉంటున్న ఊరు ఎలా పుట్టింది, ఎవరు కట్టారు అన్న సంగతి ఆ జాబితాలో ఎక్కడా రాదు. అందుకని ఈ నెల మేము చెప్పేది ఇది: ఒక శనివారం కారు ఇంట్లో వదిలి, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్‌లో విలియమ్స్‌టౌన్ రైలెక్కండి. అది 1859లో వేసిన దారి. అరగంట ప్రయాణం.

ఆస్ట్రేలియాలో మొట్టమొదటి ఆవిరి రైలు కూడా ఈ ఊళ్లోనే నడిచింది. బొంబాయి-ఠాణా రైలు 1853 ఏప్రిల్‌లో మొదలైతే, ఏడాదిన్నర తిరక్కముందే 1854 సెప్టెంబరులో ఇక్కడి నుంచి శాండ్రిడ్జ్‌కు, అంటే నేటి పోర్ట్ మెల్బోర్న్‌కు, రైలు వేశారు. ఆ దారిలో 1987 నుంచి ట్రాము నడుస్తోంది. రైలుగానే మిగిలిన పాత దారుల్లో విలియమ్స్‌టౌన్‌ది ఒకటి.

స్టేషన్ దగ్గరే ఒక కథ వినబడుతుంది. బొంబాయి విక్టోరియా టెర్మినస్ నమూనా, ఫ్లిండర్స్ స్ట్రీట్ నమూనా తపాలాలో తారుమారయ్యాయట! మన వాళ్లకు బాగా నచ్చే కథే గాని, తారీఖులు ఒప్పుకోవు. స్టీవెన్స్ దొర కట్టిన బొంబాయి స్టేషన్ 1888 నాటికే పూర్తయింది. ఇక్కడి స్టేషన్‌కు నమూనాల పోటీ పెట్టింది 1899లో. గెలిచిన ఫాసెట్, ఆష్‌వర్త్ ఇద్దరూ ఇక్కడి రైల్వే ఉద్యోగులే. భవనం 1910లో పూర్తయింది.

రైలు మరిబిర్నాంగ్ నది దాటగానే ఫుట్‌స్క్రే. 1975 తర్వాత వియత్నాం నుంచి వచ్చినవారు, ఆ తర్వాత ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవారు నిలదొక్కుకున్న పేట ఇది. కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిరపకాయల కోసం దిగినా నష్టం లేదు.

యారావిల్ దాటి స్పాట్స్‌వుడ్ వచ్చేముందు రైలు పెద్ద రోడ్డు కిందుగా పోతుంది. అది వెస్ట్ గేట్ వంతెన మీదికి వెళ్లే రోడ్డు. వెరిబీ, పాయింట్ కుక్, టార్నీట్ వైపు కాపురమున్న మన సభ్యుల్లో చాలామంది రోజూ ఉద్యోగానికి ఆ వంతెన మీదుగానే వెళతారు. కడుతుండగా 1970 అక్టోబరు 15న ఆ వంతెనలో ఒక భాగం కూలిపోయింది. 35 మంది పనివాళ్లు చనిపోయారు. కింద గుడిసెల్లో భోజన విరామంలో ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. మనలాగే వేరే దేశాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. వంతెన 1978లో తెరిచారు. వారి స్మారకం ఆ వంతెన కిందనే ఉంది. పైన కారులో వెళ్లేవారికి కనబడదు.

స్పాట్స్‌వుడ్‌లోనే 1897 నాటి పంపింగ్ స్టేషన్ ఉంది. బంగారం డబ్బుతో పెద్ద పెద్ద మేడలు లేచిన మెల్బోర్న్‌కు అంతవరకు భూగర్భ మురుగు కాలవలే లేవు. మురుగు వీధి కాలవల్లో పారేది, టైఫాయిడ్‌తో జనం చచ్చిపోయేవారు. ఈ స్టేషన్‌లోని ఆవిరి యంత్రాలు ఊరి మురుగునంతా ఎత్తి పోస్తే అది వెరిబీ పొలాలకు చేరేది. ఇప్పుడు అక్కడే పిల్లలకిష్టమైన సైన్స్‌వర్క్స్ ఉంది.

తర్వాత న్యూపోర్ట్. 1880లలో కట్టిన రైల్వే వర్క్‌షాపు ఇక్కడిదే. 1937లో స్పిరిట్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే పేరుపొందిన రైలు ఇక్కడే తయారయింది. ఎంత గొప్ప రైలైనా సిడ్నీ వెళ్లేవారు ఆల్బరీలో దిగి వేరే బండి ఎక్కవలసిందే. విక్టోరియా పట్టాల వెడల్పు వేరు, న్యూ సౌత్ వేల్స్ పట్టాల వెడల్పు వేరు. ఈ బాధ 1962లో గాని తీరలేదు. గుంతకల్లులో పెట్టెలూ బెడ్డింగులూ దింపుకుని మీటరు గేజి బండి కోసం పరుగెత్తిన పెద్దలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పాత ఇంజన్ల మ్యూజియం నార్త్ విలియమ్స్‌టౌన్ స్టేషన్‌కు దగ్గర. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి.

చివరి స్టేషన్ విలియమ్స్‌టౌన్. ఒడ్డున నల్లరాతి గోపురం 1849లో దీపస్తంభంగా కట్టినది. తర్వాత దాని మీద రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక బంతిని జారవిడిచేవారు. రేవులోని ఓడలవాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. 1926 దాకా ఆ ఆచారం నడిచింది. ఈ నీళ్లలోనే 1850లలో పాత ఓడలను జైళ్లుగా నిలబెట్టారు. అందులోని ఖైదీల చేత ఒడ్డున రాళ్లు కొట్టించారు. కాఠిన్యానికి పేరుపడిన జైళ్ల అధికారి జాన్ ప్రైస్‌ను 1857 మార్చిలో ఖైదీలు ఇక్కడే కొట్టి చంపారు.

మనం వచ్చేసరికి ఊరు తయారై ఉంది. కుళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే దీపం, వంతెన మీద దారి. వాటి వెనుక పడ్డ చాకిరీ ఎవరిదో తెలియకపోతే ఎన్నేళ్లున్నా మనం ఇక్కడ అద్దెకున్నవాళ్లమే అవుతాం. పౌరసత్వ పత్రం ప్రభుత్వం ఇస్తుంది. ఊరితో చుట్టరికం మాత్రం మనమే కలుపుకోవాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు బెజవాడ బ్యారేజీ కథ చెప్పినట్టే స్పాట్స్‌వుడ్ కథ కూడా చెప్పవలసిన బాధ్యత మనదే.

పులిహోర, దద్ధోజనం కట్టుకెళ్లండి. జెమ్ పియర్ దగ్గర పచ్చికలో కూర్చుని తినవచ్చు. ఎండాకాలమైనా సముద్రపు గాలికి పెద్దవాళ్లకొక శాలువా ఉంచండి. వెళ్లివచ్చినవారు, ముఖ్యంగా పిల్లలు, చూసింది నాలుగు వాక్యాలు రాసి పంపితే వచ్చే సంచికలో సంతోషంగా వేసుకుంటాం.