పాడయ్యే భాగానికే ఎక్కువ ధర

టీవీ పక్కనో, కంప్యూటర్ బల్ల మీదో పెట్టుకోవడానికి యాంప్లిఫయర్ లోపలే ఉన్న (పవర్డ్) బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత కొందామని చూస్తే ధరల దగ్గరే తల తిరుగుతుంది. ఎడిఫైయర్ ఆర్1280డీబీ లాంటి జత పది పన్నెండు వేలకు దొరుకుతుంది. కెఫ్ ఎల్ఎస్50 వైర్‌లెస్ 2 కావాలంటే రెండు లక్షల పైమాటే. రెండూ అలమరలో పట్టే పెట్టెలే. రెండింటికీ బ్లూటూత్ ఉంది, టీవీకి కలిపే దారీ ఉంది. ఇరవై రెట్ల ధర పెడితే ఇరవై రెట్లు మంచి పాట రాదని చెప్పడానికి ఎవరూ వ్యాసం రాయనక్కర్లేదు. ఆ అదనపు డబ్బు పెట్టెలో ఏ భాగానికి పోతోందన్నదే అసలు సంగతి. ఈ రకం స్పీకర్లలో ధర పెరిగేకొద్దీ మనం కొనేది ఎక్కువగా త్వరగా పాతబడే సరుకునే. అందుకే పవర్డ్ స్పీకర్ల వరకు తక్కువ ధర జతే తెలివైన బేరమని, లక్షలు పెట్టగలిగినవారు వాటిని వేరే రకం మీద పెట్టాలని నా వాదన.

స్పీకర్‌లో పాట పలికేది అయస్కాంతం, కాయిల్, కోన్, వాటిని పట్టి ఉంచే చెక్క పెట్టె. ఇవి మొండివి. 1970లలో తయారైన స్పీకర్లు, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ మార్పించుకుని, ఇప్పటికీ చాలా ఇళ్లలో మోగుతున్నాయి. యాంప్లిఫయర్ బోర్డు అలా కాదు. వేడికి కెపాసిటర్లు ఎండిపోతాయి, కరెంటు హెచ్చుతగ్గులకు పవర్ సప్లై పోతుంది. వైఫై చిప్పు, యాప్ అంతకన్నా అల్పాయుష్షువి. కెఫ్ కథే చూడండి. 1961లో బ్రిటన్‌లో పుట్టిన ఈ కంపెనీ యాభయ్యేళ్ల గుర్తుగా 2012లో ఎల్ఎస్50 తెచ్చింది. అందులో యాంప్లిఫయర్ లేదు, వెనక తీగలు బిగించే టెర్మినళ్లు మాత్రమే ఉన్నాయి. ఏ కంపెనీ యాంప్లిఫయర్‌కు తగిలించినా ఇవాళా పాడుతుంది. తర్వాత దానికే సర్క్యూట్లు చేర్చి తెచ్చిన ఎల్ఎస్50 వైర్‌లెస్‌కు నాలుగేళ్లు తిరక్కుండానే, 2020లో, రెండో తరం వచ్చి కూర్చుంది. అదే ఏడాది యాంప్లిఫయర్ లేని ఎల్ఎస్50 మెటాను అమెరికాలో సుమారు 1,500 డాలర్లకు, వైర్‌లెస్ 2ను సుమారు 2,500 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. పాట పలికే డ్రైవర్ రెండింట్లోనూ ఒకటే. వెయ్యి డాలర్ల తేడా సర్క్యూట్లది, సాఫ్ట్‌వేర్‌ది.

సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్న స్పీకర్ గతి ఏమవుతుందో సోనోస్ కొనుక్కున్నవారికి బాగా తెలుసు. కొన్ని పాత మోడళ్లకు మే నెల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోమని ఆ కంపెనీ 2020 జనవరిలో ప్రకటించింది. 2024 మేలో కొత్త యాప్ తెస్తే, అప్పటిదాకా ఉన్న సదుపాయాలు కొన్ని మాయమయ్యాయి. సీఈఓ పాట్రిక్ స్పెన్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, 2025 జనవరిలో పదవి నుంచి తప్పుకున్నారు. ఈ గొడవంతా జరిగినప్పుడు స్పీకర్లలోని కోన్‌లకు మాత్రం ఏ లోటూ లేదు.

ఎన్ని చెప్పినా ఖరీదైనది వింటే తేడా తెలుస్తుంది కదా అంటారు. తెలుస్తుంది, కాదనను. అయితే ఆ తేడాలో చెవి వాటా ఎంత, కంటి వాటా ఎంత అన్నది తేల్చిన పరీక్షలున్నాయి. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే స్పీకర్లను ఒకసారి తెర చాటున, ఒకసారి కళ్లెదుట పెట్టి వినిపించారు. కళ్లకు కనబడగానే పెద్దగా, ఠీవిగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్‌కు తగ్గాయి. విన్నవాళ్లేమో స్పీకర్లు తయారుచేసే కంపెనీ ఉద్యోగులే! షోరూమ్‌లో, ఏసీ గదిలో, సోఫాలో కూర్చోబెట్టి వినిపించే డెమోను ఈ సంగతి గుర్తుపెట్టుకుని వినాలి.

బాస్ సంగతికొస్తే అది గాలిని నెట్టే పని. అంతే గట్టిగా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి పలకాలంటే కోన్ నాలుగింతలు దూరం ఊగాలి. రెండు లక్షల జతలోనూ ఉన్నది ఐదుంబావు అంగుళాల డ్రైవరే కాబట్టి, సర్క్యూట్ సాయంతో కిందికి దించినా వాల్యూమ్ పెంచేసరికి పట్టు సడలుతుంది. పైగా మన గదులు చేసే అన్యాయం ఒకటుంది. స్లాబు పైకప్పు, సిమెంటు గోడలు, కింద నున్నటి టైల్స్. పన్నెండడుగుల పొడవున్న గది 47 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే గుమ్మని ఊగుతుంది. స్పీకర్లను తీసుకెళ్లి టీవీ షోకేసు అరలో, పెళ్లి ఫొటోకూ మెమెంటోలకూ మధ్య ఇరికిస్తే డోలు, బాస్ గిటార్ ముద్దగా కలిసిపోతాయి, సినిమాలో మాటలు వినబడవు. ఎంత ధర పెట్టినా ఆ అరలో ఇదే గతి. అర లోంచి బయటికి లాగి, గోడకు ఒక అడుగు ఎడంగా, ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న డ్రైవర్) చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టి, ముందు ఒక తివాచీ పరిస్తే వచ్చే మార్పు ధరలో ఒక మెట్టు పైకి ఎక్కినదానికన్నా ఎక్కువ.

సాంకేతిక విషయాలు తెలిసినవారి అభ్యంతరం ఇంకోటుంది. ఖరీదైన యాక్టివ్ స్పీకర్లలో వూఫర్‌కు ఒకటి, ట్వీటర్‌కు ఒకటి వేరు వేరు యాంప్లిఫయర్లుంటాయి, చవక రకంలో ఒక పెట్టెలోనే యాంప్లిఫయర్ పెట్టి రెండో పెట్టెకు తీగ లాగుతారు, రెండూ ఒకటెలా అవుతాయని. న్యాయమైన మాటే. కానీ ఆ సదుపాయం లక్షలకే దొరుకుతుందనుకోవడం పొరపాటు. స్టూడియోల కోసం చేసిన జేబీఎల్ 305పీ మార్క్ 2లో ఒక్కో స్పీకర్‌కు 41 వాట్లవి రెండు యాంప్లిఫయర్లున్నాయి, జత ధర 30 వేల ప్రాంతంలో ఉంటుంది. యాప్ లేదు, వైఫై లేదు. అర్ధరాత్రి నిశ్శబ్దంలో దగ్గర కూర్చుంటే ట్వీటర్ నుంచి సన్నటి బుస వినబడుతుంది, అది నచ్చనివారూ ఉన్నారు. తక్కువ ధర అన్నాను కదా అని అట్ట మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అచ్చేసిన ప్లాస్టిక్ డబ్బాలను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ అంకెకు అర్థం లేదు, ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే) వాట్లు ఎంతో రాయని పెట్టె జోలికి పోకూడదు.

చవకవీ పాడవుతాయి, అప్పుడవీ చెత్తే కదా అంటే అవును, చెత్తే. అందుకే లక్ష పెట్టగలిగిన మనిషి యాంప్లిఫయర్ లేని మంచి స్పీకర్లు కొని, యాంప్లిఫయర్ విడిగా పెట్టుకోవడం మేలు. మామూలు గదిలో పది వాట్లకు మించి ఖర్చయ్యే సందర్భాలు తక్కువ, అరచేతిలో పట్టే యాంప్లిఫయర్ కొద్ది వేలకే వస్తుంది, పోతే అదొక్కటే మారుతుంది. ఇంట్లో తీగ కనబడకూడదు, అంతా ఫోన్ మీదే నడవాలి అనుకునేవారికి ఖరీదైన పవర్డ్ జత తప్పదు. అది సౌకర్యానికి కట్టే ధర, అందులో తప్పేమీ లేదు. బిల్లు కట్టే ముందు మాత్రం యాప్ ఆగిపోయినా మామూలు ఆక్స్ తీగతో పాట వస్తుందా, వారంటీ అయ్యాక యాంప్లిఫయర్ బోర్డు విడిగా ఇస్తారా, ఇస్తే ఏ ఊళ్లో వేస్తారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.