కెమెరా చక్రం ఎవరి చేతిలో ఉండాలి?

గత సంవత్సరపు వార్షికోత్సవ ఛాయాచిత్రాలు కళాశాలకు అందిన నాడు వాటిని బల్లపై పరచుకొని చూచిన వారిలో నేనూ ఒకడిని. వేదిక అలంకరణ చక్కగా వచ్చినది. పూలమాలలు చక్కగా వచ్చినవి. కాని తెలుగు వ్యాసరచనలో ప్రథమ బహుమతి అందుకొన్న విద్యార్థిని చిత్రం వద్ద మా అందరి చూపూ ఆగిపోయినది. నల్లని బురఖాలో ఉన్న ఆ అమ్మాయి ముఖం సున్నం పూసినట్లు వెలవెలబోయి, కన్నులెక్కడో, చిరునవ్వెక్కడో తెలియకుండా ఉన్నది. దాని ప్రక్కనే ఈద్ మిలాప్ నాటి చిత్రం. తెల్లగోడ ముందు తెల్లని కుర్తా పైజమాలు ధరించి నిలిచిన మన విద్యార్థుల బట్టలు మాసినట్లు, ముఖాలు మునిమాపు వేళ చూచినట్లు నల్లబారి ఉన్నవి. మరునాడు ఆ విద్యార్థిని తన చిత్రాన్ని చూచి, "ఇది నేను కాదు సార్. పత్రికలో వేయకండి" అని మెల్లగా అన్నది. ఆమె కోరిక ప్రకారం వేయలేదు. బహుమతి మిగిలినది గాని, దాని జ్ఞాపకం మిగలలేదు.

తప్పు ఆ ఛాయాగ్రాహకునిది కాదని కొందరన్నారు. యంత్రం ఎట్లా తీస్తే అట్లా వస్తుందన్నారు. ఈ మాటతోనే నాకు పేచీ. యంత్రం ఎట్లా తీయాలో చెప్పవలసినవాడు మనిషి. చెప్పడానికి వీలుగా దాని మీద చక్రాలూ, బటన్లూ ఉన్నవి. వాటిని తాకకుండా మీట ఒక్కటే నొక్కినవాడు చిత్రాన్ని తీయలేదు. యంత్రం తీస్తుంటే ప్రక్కన నిలబడినాడు.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి కెమెరాతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. మా మామూ వద్ద ఒక పాత ఆగ్ఫా క్లిక్ ఉండేది. ఒక రీలుకు 12 చిత్రాలు. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. అంతకు మించి దానికి తెలివి లేదు. అందువల్ల తెలివి అంతా మామూయే ఉపయోగించవలసి వచ్చేది. మీట నొక్కే ముందు ఆయన ఆకాశం వైపు ఒకసారి, మా ముఖాల వైపు ఒకసారి చూచేవారు. ఆ రెండు చూపుల మధ్య జరిగే ఆలోచననే నేను ఈనాడు మన విద్యార్థులకు కావాలంటున్నాను.

కెమెరా అన్న మాటకు మూలార్థం గది. మనం ఇంట్లో వాడుకొనే 'కమరా' అన్న మాట కూడా పోర్చుగీసు భాష ద్వారా వచ్చిన దాని సోదరియే. పదకొండవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇబ్న్ అల్ హైసమ్ అన్న మహా పండితుడు చీకటి గదిలోనికి చిన్న రంధ్రం ద్వారా ప్రవేశించే వెలుగును పరిశీలించి, గ్రహణకాలంలో సూర్యబింబం ఎదుటి గోడపై పడే తీరును వివరించినాడు. ఈనాడు మీ అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా కూడా అట్టి చీకటి గదియే. దానికి ఒక కిటికీ ఉన్నది. ఆ కిటికీని ఎంత వెడల్పుగా తెరవాలి? దీనిని నిర్ణయించేది అపర్చర్. ఎంతసేపు తెరచి ఉంచాలి? దీనిని నిర్ణయించేది షట్టర్. ఎఫ్ 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని వ్రాసి ఉండే అంకెలలో ఒక్కొక్క మెట్టు ముందుకు పోయిన కొద్దీ లోనికి వచ్చే వెలుగు సగం సగం తగ్గుతుంది. సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు అన్న షట్టర్ అంకెలలోనూ ఇదే లెక్క. ఒకచోట సగం తగ్గించి మరొకచోట రెట్టింపు చేస్తే వెలుగు మొత్తం మారదు. చిత్రం స్వభావం మాత్రం మారుతుంది. కిటికీ వెడల్పుగా తెరిస్తే వెనుకనున్నది మసకబారి, ముందున్న ముఖం స్పష్టంగా నిలుస్తుంది. తక్కువసేపు తెరిస్తే పరుగెత్తే ఆటగాడు గాలిలో నిలిచిపోతాడు.

ఇక మూడవ చక్రం. ప్లస్, మైనస్ గుర్తులుండే దీనిని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. మనం కాంతి సవరణ అందాం. నా వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతున్నది. కెమెరాలోని కాంతి మాపకం తన ఎదుట ఉన్నది నల్లని వస్త్రమో తెల్లని గోడయో ఎరుగదు. ప్రపంచమంతా సగటున నలుపూ తెలుపూ కాని నడిమి బూడిద రంగులో ఉంటుందని నమ్మి లెక్క కడుతుంది. ఎదుట నలుపు ఎక్కువగా ఉంటే, చీకటి ఉన్నదనుకొని వెలుగును ఎక్కువగా లోనికి రానిస్తుంది. బురఖా బూడిదరంగుకు తిరుగుతుంది, ముఖం తెల్లబారిపోతుంది. ఎదుట తెలుపు ఎక్కువగా ఉంటే, వెలుగు మితిమీరినదనుకొని తగ్గిస్తుంది. కుర్తా మాసిపోతుంది, ముఖం నల్లబడుతుంది. మన రెండు చిత్రాల కథ ఇంతే. నలుపు ముందు చక్రాన్ని మైనస్ వైపు, తెలుపు ముందు ప్లస్ వైపు ఒక మెట్టు త్రిప్పి, వచ్చినదాన్ని చూచి అవసరమైతే ఇంకొంచెం సవరించుకొని ఉంటే రెండు చిత్రాలూ దక్కేవి. ముఖాలను గుర్తుపట్టే కెమెరాలు ఈనాడు వచ్చిన మాట నిజమే. అయినా ముఖం చిన్నదై, వస్త్రం విస్తారమై, వెనుక కిటికీ వెలుగుతున్నప్పుడు అవి కూడా పొరబడుతుంటాయి. అందరినీ ఒకే గాటన కట్టడం యంత్రానికి సహజం. ఎవరిని వారిగా చూడటం మనిషి పని.

అందుచేత కెమెరాను ఎన్నుకొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లు అని మొదట అడగడం, పుస్తకానికి ఎన్ని పుటలున్నవని అడగడం వంటిది. అడుగవలసిన మొదటి ప్రశ్న: వెలుగును సవరించే చక్రం వేలికి అందుతుందా, లేక తెరపైని మెనూలో మూడు పుటల వెనుక దాగి ఉన్నదా? ఫలానా సంస్థది కొనండని నేను చెప్పబోవడం లేదు. తేడా తెలియడానికి కొన్నింటిని ఉదహరిస్తాను. 2008లో వచ్చిన కెనాన్ జి10 కెమెరా పైభాగంలోనే కాంతి సవరణకు ప్రత్యేక చక్రం ఉన్నది. 2009లో అదే సంస్థ తెచ్చిన ఎస్90లో కటకం చుట్టూ త్రిప్పుకొనే వలయం అమర్చినారు. దానికి మనకు కావలసిన పని అప్పగించుకోవచ్చు. 2011లో అమ్మకానికి వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100లో అపర్చర్ వలయం కటకం మీద, షట్టర్ చక్రం, సవరణ చక్రం పైభాగాన ఉన్నవి. కెమెరా ఆపి ఉన్నప్పుడు సైతం ఏది ఎక్కడ ఉన్నదో ఒక్క చూపులో చదువుకోవచ్చు. 2012 నాటి సోనీ ఆర్ఎక్స్100 జేబులో పట్టే శరీరంలో 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సర్‌ను ఇమిడ్చి అందరినీ ఆశ్చర్యపరచినది. కాని నున్నని లోహపు ఒళ్ళు కావడం వల్ల వేళ్ళకు పట్టు దొరకక, విడిగా పట్టు కొని అతికించుకొన్నవారు అనేకులు. పట్టు చాలనప్పుడు చేయి వణుకుతుంది. చేయి వణికితే సెన్సర్ ఎంత గొప్పదైనా చిత్రం చెదురుతుంది.

చక్రాలున్న కెమెరాలన్నీ నిర్దోషులని నేననను. సంచిలో రాపిడికి సవరణ చక్రం తనంత తానే తిరిగిపోయి, యజమాని గమనించేలోపల పది చిత్రాలు పాడుకావడం కద్దు. అయితే ఆ దోషం కంటికి కనిపిస్తుంది. చక్రం మీది గుర్తు సున్నా వద్ద లేదని ఒక్క చూపులో తెలుస్తుంది. మెనూలో మరచిన అమరిక అట్లా కనిపించదు. చూచుకొని సరిదిద్దుకొనే అలవాటు విద్యార్థికి ఎట్లాగూ మేలే చేస్తుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక ఆక్షేపణ చెప్పగలరు: "సార్, మా ఫోను ఉండగా వేరే కెమెరా ఎందుకు?" లోకం కూడా మీ పక్షమే ఉన్నది. జపాను కెమెరా ఉత్పత్తిదారుల సంఘపు లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా ఎగుమతి, పంపిణీ అయిన డిజిటల్ కెమెరాలు 2023 నాటికి 80 లక్షలకు లోపే. ఫోను అనేక చిత్రాలను క్షణంలో తీసి, కలిపి, నునుపు చేసి ఇస్తుంది. చీకటిలోనూ చక్కగా తీస్తుంది. దానిని నేనూ వాడుతున్నాను. ఫోనులోనూ వెలుగును సవరించే గీత ఒకటి ఉన్నది. తెరపై ముఖాన్ని తాకి, వ్రేలు పైకో క్రిందికో జరిపితే చాలు. దానిని ఎరిగినవారు మన తరగతిలో ఎందరని అడిగితే లేచిన చేతులు నాలుగు. అది దాగి ఉండటమే ఇందుకు కారణం. ఎదుట కనిపించే చక్రం ప్రశ్న పుట్టిస్తుంది: "ఇది ఏమిటి? త్రిప్పితే ఏమవుతుంది?" విద్య అక్కడ ప్రారంభమవుతుంది. చక్రంపై నేర్చినవాడు ఫోనును కూడా యజమాని వలె వాడగలడు.

ఈ మాటలు మన ఊరికి క్రొత్తవి కావు. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగిగా పనిచేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్ దయాళ్, 1880ల మధ్యలో ఈ ప్రాంతానికి వచ్చి మన సికింద్రాబాదులోనే స్టూడియో నెలకొల్పినారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా ఆదరించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ప్రసాదించినారు. ఆయన 1905లో మరణించినారు. ఆయన తీసిన 2,857 గాజు పలకల నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించినది. తెల్లని పాలరాయిని, జరీ షేర్వానీని, నల్లని గుర్రాన్ని ఒకే పలకపై నిలుపవలసినప్పుడు వెలుగును తూచవలసినది ఆయన కన్ను, అనుభవమే.

దీన్ దయాళ్ చేసిన మరొక పని మనకు మరింత దగ్గరిది. 1892లో ఆయన పరదా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరచి, దానిని మిసెస్ కెన్నీ లెవిక్ అన్న ఆంగ్ల వనిత చేతికి అప్పగించినారు. స్త్రీలు తమ చిత్రం తీయించుకోవాలంటే కెమెరా వెనుక స్త్రీ ఉండటం మేలని ఆయన 130 ఏళ్ళ క్రిందటనే గ్రహించినారు. ఆనాడు అందుకు బయటి నుండి ఒకరు రావలసి వచ్చినది. ఈనాడు మన తరగతి గదులలో ఆ పని నేర్చుకోగల అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారి చిత్రాలను వారే తీసుకోగలిగితే, "ఇది నేను కాదు" అనవలసిన అగత్యం ఎవరికీ రాదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. వార్షికోత్సవానికి బయటి ఛాయాగ్రాహకునికి ఏటేటా ఇచ్చే మొత్తంలో కొంత ప్రక్కన పెట్టి, అపర్చర్, షట్టర్, కాంతి సవరణ మూడింటినీ మెనూలోనికి పోకుండా మార్చుకోగల ఒక చిన్న కెమెరాను కొనవలెను. క్రొత్తదే కానక్కరలేదు, పదేళ్ళనాటిదైనా చక్రాలు సవ్యంగా తిరిగితే చాలు. దానిని బీరువాలో పెట్టి తాళం వేయక, గ్రంథాలయ పుస్తకం వలె సంతకం తీసుకొని విద్యార్థులకు ఇవ్వవలెను. పాడుచేస్తారేమో అన్న భయం సహజమే. చినుగుతాయన్న భయంతో మనం నిఘంటువులను దాచిపెట్టడం లేదు గదా! నేర్పే బాధ్యతలో నా వంతు శనివారం సాయంత్రాలు నేను ఇవ్వగలను. పుస్తకాలకు వలెనే దీనికీ మొదటి వరుసలో అమ్మాయిల పేర్లు ఉండవలెనని నా కోరిక.

విద్యార్థినీ విద్యార్థులారా! కెమెరా మీ చేతికి వచ్చిన నాడు మొదట చేయవలసిన అభ్యాసం చెబుతాను. నల్లని వస్త్రం ధరించిన ఒక మిత్రుని, తెల్లని వస్త్రం ధరించిన ఒక మిత్రుని ప్రక్కప్రక్కన నీడలో నిలబెట్టండి. ఒక్కొక్కరిని దగ్గరగా, వస్త్రం చిత్రాన్ని నింపేటట్లు, మూడుసార్లు తీయండి: చక్రం సున్నా వద్ద ఒకసారి, మైనస్ ఒకటి వద్ద ఒకసారి, ప్లస్ ఒకటి వద్ద ఒకసారి. వచ్చిన ఆరు చిత్రాలను ఆ మిత్రులకే చూపి, "ఇందులో నీవు ఏది?" అని అడగండి. వారు వ్రేలు పెట్టి చూపినదే సరైన కొలత. తరువాత ఆ కొలతను యంత్రం చెప్పకముందే మీ కన్ను చెప్పగలిగే దాకా సాధన చేయండి.

రాబోయే సంచికలో వ్యాసరచన బహుమతి అందుకొనే విద్యార్థిని చిత్రం అచ్చయినప్పుడు, దాని క్రింద చిత్రం తీసిన మరొక విద్యార్థిని పేరు కూడా అచ్చు కావాలని ఆశిస్తూ, నా మనవిని ఇంతటితో ముగిస్తున్నాను.