నీళ్ళు మానేస్తే మంట తగ్గదు

ప్రశ్న: నా వయస్సు 26. పెళ్ళయింది. కొల్లేటి లంక గ్రామం నుంచి రోజూ బస్సులో ఏలూరు వచ్చి ఒక బట్టల షాపులో పనిచేస్తున్నాను. మేము ఆడవాళ్ళం 14 మందిమి. మేడమీద ఉన్న ఒక్క మరుగుదొడ్డీ పాడై నెల దాటింది. మోటారు కాలిపోయిందట. అడిగితే రేపు, ఎల్లుండి అంటున్నారు. పక్క హోటలుకు పొమ్మన్నారు గాని అక్కడివాళ్ళు విసుక్కుంటున్నారు. అందుకని ఉదయం 8 గంటలకు ఇల్లు కదిలింది మొదలు రాత్రి 9 గంటలకు చేరేదాకా మంచినీళ్ళు ముట్టడం లేదు. పది రోజులుగా మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి. వేడి చేసిందని మా అత్తయ్యగారు సబ్జా నీళ్ళు ఇస్తున్నారు. మందుల షాపులో రెండు బిళ్ళలు కొని వేసుకుంటే తగ్గి మళ్ళీ వచ్చింది. ఏలూరులో 2020లో వచ్చిన జబ్బులాంటిదేమోనని భయంగా ఉంది.
— ఒక సోదరి, ఏలూరు

జవాబు: ఆ భయం వదలండి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా జబ్బుపడ్డారు. వాళ్ళకు వచ్చినవి ఫిట్స్, స్పృహ తప్పడం. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మీ బాధకూ దానికీ పోలిక లేదు. మీరు రాసిన లక్షణాలు మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్‌వి.

మన ఇళ్ళలో మూత్రంలో మంట అనగానే వేడి చేసిందంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడి పచ్చగా, ఘాటుగా వస్తుంది. నీళ్ళు తాగగానే ఆ మంట తగ్గుతుంది. పది రోజులైనా తగ్గలేదంటే అది క్రిముల పని. మలద్వారం దగ్గర ఎప్పుడూ ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా చాలా కేసుల్లో దీనికి కారణం. ఆడవారిలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్ల లోపే కనుక అది పైకి చేరడం సులువు. చేరినదాన్ని కడిగి బయటకు పంపేది మూత్రమే. మూత్రాశయం నిండడానికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. మూడు నాలుగు గంటలకొకసారి దాన్ని ఖాళీ చేయాలి. మీరు 13 గంటలు నీళ్ళు మానేసి, వచ్చిన కాస్తా బిగబట్టి ఉంచితే ఆ క్రిములకు కావలసినంత వ్యవధి ఇచ్చినట్టే. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చే 140 మంది స్త్రీలను ఏడాదిపాటు చూశారు. రోజూ తాగేదానికి తోడు మరో ఒకటిన్నర లీటరు తాగినవారికి సగటున 1.7 సార్లు వస్తే, తాగనివారికి 3.2 సార్లు వచ్చింది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. మందుల షాపు బిళ్ళలు ఆపి ఏలూరు ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా సరే, తెలిసిన డాక్టరుకైనా సరే చూపించుకోండి. మందు మొదలుపెట్టేముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. మొదటి ధార వదిలేసి మధ్యలో వచ్చేది శుభ్రమైన సీసాలో పట్టాలి. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఏ మందుకు క్రిమి లొంగుతుందో అందులో తెలుస్తుంది. తగ్గినట్టనిపించినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. మీరు రెండు బిళ్ళలతో ఆపేయడం వల్లనే తిరగబెట్టి ఉంటుంది. నెల తప్పి ఉంటే ఆ మాట ముందుగా డాక్టరుకు చెప్పండి, గర్భిణికి ఈ జబ్బు నెలలు నిండకుండానే కాన్పు తెచ్చిపెట్టగలదు. చలితో జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు వస్తే జబ్బు మూత్రపిండాలకు ఎక్కిందన్నమాట. ఆరోజే ఆస్పత్రికి వెళ్ళాలి. సబ్జా, బార్లీ, కొబ్బరి నీళ్ళు తాగండి, తప్పులేదు. అవి నీళ్ళుగా పనికొస్తాయి, మందుగా కాదు.

అయితే మందు వాడి జబ్బు తగ్గించుకుని మళ్ళీ అదే షాపులో 13 గంటలు బిగబట్టుకుంటే వచ్చే నెల ఇదే ఉత్తరం రాస్తారు. ఆ దొడ్డి బాగుపడటం కూడా మీ వైద్యంలో భాగమే. ఇది యజమాని దయ మీద ఆధారపడిన సంగతి కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్‌లోనే ఆడవారికీ మగవారికీ వేరువేరుగా దొడ్లు ఉండాలనీ, పనిలో ఉన్నంతసేపూ ఎప్పుడైనా వెళ్ళగలిగేట్టు ఉండాలనీ రాశారు. అది ఫ్యాక్టరీల మాట. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడు పది మందీ, అంతకుమించీ పనిచేసే వ్యాపార సంస్థలకూ వర్తిస్తుంది. సరిపడా దొడ్లు వేరువేరుగా ఏర్పాటు చేసి శుభ్రంగా ఉంచడం యజమాని బాధ్యతేనని 23వ సెక్షన్ చెబుతోంది. తలుపు మీద పేరుండి లోపల నీళ్ళు రాని దొడ్డి లేనట్టే లెక్క.

ఒక్కరే వెళ్ళి అడగకండి. 14 మందీ సంతకాలు పెట్టి, ఏ తేదీ నుంచి పాడైందో రాసి యజమానికి ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోండి. బాగయ్యేదాకా దగ్గరలో ఎక్కడ ఏర్పాటు చేస్తారో, ఎన్నిసార్లయినా వెళ్ళనిస్తారో కాగితం మీద అడగండి. కదలిక లేకపోతే ఆ నకలుతో ఏలూరు కార్మిక శాఖ కార్యాలయానికి గాని, కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే చోటికి గాని వెళ్ళవచ్చు. మీ డాక్టరుగారిని కూడా చీటీ మీద "మూడు గంటలకొకసారి మూత్రవిసర్జనకు వెళ్ళాలి, నీళ్ళు తాగాలి" అని రాసిమ్మనండి. చీటీ చూపిస్తే కాదనే యజమానులు తక్కువ. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు మూత్రానికి వెళ్ళడానికీ, కాసేపు కూర్చోవడానికీ ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడి షాపుల చట్టాన్నే సవరించారు. వాళ్ళూ మీలాగే సేల్సు కౌంటరు వెనక నిలబడ్డవాళ్ళే.

ప్రశ్న: మాది రొయ్యల షెడ్డు. పనిచేసేది ఆరుగురు ఆడవాళ్ళే. మాకు చట్టం వర్తించదు కదా? పైగా మాటిమాటికీ బయటికి వెళ్ళివస్తే సరుకు పాడవుతుంది.
— ఒక యజమాని, కైకలూరు

జవాబు: ఆరుగురికి ఆ కోడు వర్తించకపోవచ్చు. క్రిములకు ఆ లెక్క తెలియదు. గ్లవ్స్, ఏప్రాన్ విప్పి తొడుక్కోవాలన్న బద్ధకంతోనే చాలామంది పొద్దుటినుంచీ ఆపుకుంటారు. నెలసరి రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి గుడ్డ మార్చుకోవాలి, దానికైనా చోటుండాలి. మీ సరుకు సంగతే చూద్దాం. దొడ్డి లేక చెరువు గట్టుకు వెళ్ళి సబ్బు లేకుండా చేతులు కడుక్కుని వచ్చిన మనిషి అదే చేత్తో మీ రొయ్యను వొలుస్తుంది. దొడ్డి, పక్కనే కుళాయి, సబ్బు పెట్టించండి. సరుకు వెనక్కి వచ్చేకంటే ఆ ఖర్చు తక్కువ.

ప్రశ్న: వయస్సు 52. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో గుమాస్తాను. అక్కడి దొడ్డికి తాళం. లారీల చాటుకు వెళ్ళాలి. గంటకొకసారి వెళ్ళాల్సివస్తోంది, రాత్రి కూడా నాలుగైదు సార్లు లేస్తున్నాను. ధార సన్నగా వస్తోంది. నీళ్ళు తగ్గించమంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: తగ్గించవద్దు. పడుకోబోయే రెండు గంటల ముందు మాత్రం ఆపండి. ఈ వయస్సులో ధార సన్నబడటం ప్రోస్టేట్ గ్రంథి పెరగడంవల్ల కావచ్చు, ఎక్కువసార్లు రావడం చక్కెర జబ్బువల్లా కావచ్చు. ముందు రక్తంలో చక్కెర, మూత్రం పరీక్ష చేయించి, డాక్టరుకు చూపించండి. బొత్తిగా రాకుండా కడుపు ఉబ్బితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళి గొట్టం వేయించుకోవాలి. దొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి.