ఆ గుంతలో మైల ఎక్కడుంది?

2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో, కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఒక మరుగుదొడ్డి గుంతలోకి దిగి, అందులో ఉన్నది స్వయంగా ఎత్తిపోశారు. అదేదో పెద్ద సాహసమైనట్టు అందరూ ఆశ్చర్యపోయారు. నిజానికి ఆయన ఎత్తింది ఎరువు.

రెండు గుంతల దొడ్డిలో మంత్రమేమీ లేదు. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళిస్తారు. గోడల కన్నాల్లోంచి నీరు మట్టిలోకి ఇంకుతుంది, మిగిలినదాన్ని సూక్ష్మజీవులు కుళ్ళబెడతాయి. రెండేళ్ళు మూసి ఉంచితే వాసన లేని నల్లటి మట్టిలా మారుతుంది. (నీరు పైపైనే తగిలే నేలలో, తాగునీటి బావి పక్కన మాత్రం ఇది పనికిరాదు.)

అయినా పల్లెల్లో చాలామంది పెద్ద సెప్టిక్ ట్యాంకే కట్టిస్తారు. ఎందుకంటారా? "నిండితే ఎవరు తీస్తారు?" అన్న ప్రశ్న ఏళ్ళ తరబడి వాయిదా పడుతుంది కాబట్టి! నిండాక ట్యాంకర్ వచ్చి ఆ పచ్చి మురికిని ఏ కాలవలోనో పారబోసి పోతుంది. లేదా, 2013 చట్టం వద్దన్నా, ఒక మనిషిని లోపలికి దింపుతారు. ఆ మనిషిది ఏ కులమో వేరే చెప్పాలా?

పచ్చి పేడను చేత్తో కలిపి కళ్ళాపి చల్లుతాం. దానికి లేని మైల రెండేళ్ళు మగ్గిన ఎరువుకెలా అంటింది?

మన సంఘాలు ఊరూరా నిప్పుల మీద నడిచి చూపిస్తున్నాయి. మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు, రెండేళ్ళు దాటిన గుంత ఒకటి తెరిపించి, ముందుగా మనమే చేయి పెడదాం.