ఆ త్రికోణాన్ని చెరిపివేయండి

పదో తరగతి గైడ్లలో, కోచింగు నోట్సులలో ఒక త్రికోణం కనిపిస్తుంది. పైన వి, కింద ఐ, ఆర్. కావలసిన అక్షరాన్ని వేలితో మూస్తే మిగిలినదే జవాబు. పక్కనే విద్యుత్ సామర్థ్యానికి మరో త్రికోణం. మార్కులు తెచ్చిపెట్టే పనిముట్టు కనుక ఎవరూ కాదనరు. ఆ వేలి కింద మరుగున పడుతున్నది అసలు శాస్త్రమేనని నా అభియోగం.

లెక్క సులువేనని ముందే ఒప్పుకుంటాను. 230 వోల్టుల వద్ద పాతకాలపు తీగ బల్బు గుండా 0.435 ఆంపియర్లు ప్రవహిస్తే, భాగించి నిరోధం 529 ఓములంటాం, గుణించి సామర్థ్యం 100 వాట్లంటాం. రెండూ నిజమే. అదే బల్బును ఆర్పి, చల్లారాక మీటరుతో కొలవండి. 40 ఓములకు అటూ ఇటూగా చూపుతుంది! మీటరు చెడిపోలేదు. వెలిగే టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల వేడిలో ఉంటుంది, వేడెక్కేకొద్దీ లోహపు నిరోధం పెరుగుతుంది. మనం లెక్కకట్టినది ఆ వేడిలో ఉన్న తీగ నిరోధాన్ని మాత్రమే. ఈ షరతు త్రికోణంలో ఎక్కడుంది?

ఓముకు మాత్రం షరతుల విలువ తెలుసు. (ఈ ఓం మన ప్రణవం కాదు, జర్మనీ దేశపు బడిపంతులు ఇంటిపేరు.) నాటి బ్యాటరీలు నిలకడగా ఉండక విసిగించగా, ఆయన 1826లో రాగి, బిస్మత్ లోహాల జంటను తీసుకొని, ఒక అతుకును మరిగే నీటిలో, మరొకదాన్ని మంచులో ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించాడు. ఆ తరువాతే సూత్రం.

మనవాళ్ళలో ఇంజనీరింగు పూర్తి చేసినవారే మెండు కనుక ఒక ప్రశ్న. నిరోధం పెరిగితే పుట్టే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించే సూత్రం తగ్గుతుందంటుంది. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించే సూత్రం పెరుగుతుందంటుంది. రెండూ ఆ త్రికోణాల సంతానమే. ఏది స్థిరంగా ఉందో అడగనిదే జవాబు లేదు.

ఇది పరీక్ష గదితో తీరే సంగతి కాదు. 2000 వాట్ల గీజరు తీగ నిరోధం దాదాపు 26 ఓములు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెది 53. ఇంట్లో రెండింటికీ అందేది అవే 230 వోల్టులు కనుక, నిరోధం తక్కువైనదే ఎక్కువ వేడినిస్తుంది. ఇక గీజరు ప్లగ్గు పిన్ను సాకెట్టులో వదులైందనుకోండి. ఆ వదులు చోట అర ఓము నిరోధం చేరింది. ఇక్కడ ప్రవాహాన్ని నిర్ణయించేది గీజరే, సుమారు ఎనిమిదిన్నర ఆంపియర్లు. వర్గం చేసి అర ఓముతో గుణిస్తే 36 వాట్లు! టంకం వేసే చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంతకు మించిన కొలిమి ప్లాస్టిక్ సాకెట్టులో మండుతుంటే మనం నిశ్చింతగా స్నానం చేస్తుంటాం. అక్కడ పోయే వోల్టేజి నాలుగు వోల్టుల పైచిలుకే, నీళ్ళు ఎప్పటిలాగే కాగుతాయి. ప్రవాహం పెరగదు సరికదా, రవ్వంత తగ్గుతుంది కనుక ఫ్యూజూ పోదు, ఎంసీబీ పడదు.

పిల్లలకు ఇంత లోతు అవసరమా అంటారు. ప్లగ్గు నల్లబడుతున్నా ఫ్యూజు ఎందుకు పోలేదని పరీక్షలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రెండు మార్కులకైనా సరే. ఉపాధ్యాయ మిత్రులెవరైనా త్రికోణం పక్షాన వాదిస్తానంటే వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది.