గుట్టు నిలిస్తేనే చట్టం నిలుస్తుంది

గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడికి కొలువిచ్చేది, క్వార్టరిచ్చేది, జ్వరమొస్తే మందిచ్చేది ఒకే సంస్థ. పక్క క్వార్టర్‌లో ఉండే మనిషే షిఫ్టులోనూ పక్కన ఉంటాడు. ఆసుపత్రి ఓపీ వరుసలోనూ అతనే ఎదురవుతాడు. గనిలో ప్రమాదం జరిగిన రోజున ఈ దగ్గరితనమే కొండంత అండ. హెచ్ఐవీ ఉందని తేలిన రోజున అదే భయం. ఒక్క కాగితం ఒక్క చేయి దాటితే చాలు, కాలనీ అంతా పాకుతుంది. అందుకే ఇక్కడ మొదట కాపాడాల్సింది గోప్యతను.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్యోగం, వైద్యం, చదువు, అద్దె ఇల్లు, అన్నింటా వివక్షను నిషేధించింది. సమాచారంతో కూడిన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. కొలువుకు ఆ పరీక్షను షరతుగా పెట్టకూడదు. అంతకు ముందే 1997లో బొంబాయి హైకోర్టు ఒక ప్రభుత్వరంగ సంస్థ దినకూలీ కేసులో, పని చేయగలిగి, ఇతరులకు ముప్పు లేని మనిషికి హెచ్ఐవీ పేరుతో పని నిరాకరించరాదని తేల్చింది.

ఉద్యోగంలోంచి తీసేయాలంటే పనికి అశక్తుడనో, తోటివారికి సోకే గణనీయమైన ముప్పు ఉందనో స్వతంత్ర వైద్యుడు రాసిచ్చిన అంచనా ఉండాలి. దాని ప్రతి కార్మికుడి చేతికివ్వాలి. వేరే పని సర్దుబాటు చేయలేకపోతే ఆ ఇబ్బందినీ యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడ ‘స్వతంత్ర’ అనే మాట కీలకం. యాజమాన్యం జీతమిచ్చే డాక్టరు ఎంత నిజాయితీపరుడైనా, కార్మికుడి కళ్లకు స్వతంత్రుడిగా కనిపించడు. ఈ అంచనా బయటి ప్రభుత్వ వైద్యుడే ఇవ్వాలి.

గనిలో దెబ్బ తగిలి రక్తం కారితే తోటివారి సంగతేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫస్ట్‌ఎయిడ్ చేసేవారు ఎవరి రక్తం ముట్టుకున్నా గ్లవ్స్ వేసుకోవాలన్నదే దానికి జవాబు. తమకు సోకిన సంగతి తెలియనివాళ్లూ ఉంటారు కాబట్టి, పేర్ల జాబితా ఎవరినీ కాపాడదు. కలిసి తింటే, ఒకే క్యాప్ ల్యాంప్ వాడితే ఈ వైరస్ సోకదు. క్రమం తప్పకుండా మందులు వాడి, పరీక్షలో వైరస్ కనిపించని స్థితిని నిలుపుకున్నవారి నుంచి లైంగికంగా కూడా ఇతరులకు సోకదు.

వంద మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. ఆసుపత్రులకైతే ఆ లెక్క ఇరవైయే. రాష్ట్రస్థాయి అంబుడ్స్‌మన్ 30 రోజుల్లో, వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంత వరకు 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కానీ ఫిర్యాదు చేయాలంటే పదిమందికీ బయటపడాల్సి వస్తే, ఆ మెట్టు ఎవరెక్కుతారు?

కాబట్టి ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి గని నోటీసు బోర్డు మీద ఉండాలి. మస్టర్ పడే చోట అందరి కళ్లెదుటా ఉంటే, దాన్ని చూసినవాడిని ఎవరూ అనుమానించరు. క్వార్టరూ, కంపెనీ కార్డూ లేని కాంట్రాక్టు కార్మికుడికీ అదే నంబరు పనిచేయాలి. బోనస్ కోసం గేటు మీటింగ్ పెట్టే సంఘాలు ఈ మాట కోసం కూడా ఒక గేటు మీటింగ్ పెట్టాలి.